రిబ్బను కొస విడిపోకుండా

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున మాట్లాడినది)



పొదుపులు, అప్పులు, వాయిదాల లెక్కలు పొద్దున్నుంచీ విన్నారు. మమ్మల్ని పని గురించి మాట్లాడమన్నారు. మా సంఘంలో పది మందిమి ఉన్నాం. అందులో ఆరుగురం చిన్నపిల్లల బట్టలు కుడతాం. గౌన్లు, లంగా జాకెట్లు, బారసాల జుబ్బాలు, క్రిస్‌మస్‌కి తెల్ల ఫ్రాకులు. కుట్టడం గురించి మేము మీకు చెప్పక్కర్లేదు, ఈ హాల్లో సగం మందికి మిషన్ వచ్చు. మేము చెప్పాలనుకున్నది చిన్న విషయం. గౌనుకి రిబ్బను వేస్తాం కదా, ఆ రిబ్బను కొస. అది విడిపోయి పోగులు లేవకుండా ఏం చెయ్యాలి, ఆ చేసిన పనికి కూలి ఎవరివ్వాలి. రెండూ కలిపే చెబుతాం. విడిగా చెబితే మొదటిది అందరూ రాసుకుంటారు, రెండోది మర్చిపోతారు.

బడికి రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుని వెళ్ళినవాళ్ళమే మనమంతా. కొస పీచులాగా అయిపోతే అమ్మ దీపం దగ్గర పెట్టి కాల్చేది. నల్లగా ఉండ కట్టేది. జడకి అది చాలు. అమ్మకానికి పెట్టే గౌనుకి చాలదు. గౌను పిల్ల ఒంటి మీద ఉంటుంది, వారానికి రెండుసార్లు ఉతుకుతారు, బండకేసి బాదుతారు, లేకపోతే వాషింగ్ మిషన్లో తిప్పుతారు. రిబ్బను మధ్యలో ఎక్కడా చిరగదు. పోయేది కొస దగ్గరే.

ఎందుకు పోతుందో తెలిస్తే ఏం చెయ్యాలో మనకే తోస్తుంది. మన వైపు మగ్గం చూడనివాళ్ళు తక్కువ. రిబ్బను కూడా నేత గుడ్డే. పొడుగునా పడుగు పోగులు, అడ్డంగా పేక పోగు. పేక పోగు ఈ అంచు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరుగుతుంది, అందుకే రిబ్బనుకి రెండు పక్కలా అంచు గట్టిగా ఉంటుంది. మనం అడ్డంగా కత్తెర పెట్టి కోశామనుకోండి, కొస దగ్గరున్న పేక పోగుని పట్టుకునేవాళ్ళు లేరు. అది జారిపోతుంది. దాని వెనకది జారిపోతుంది. శాటిన్ రిబ్బను అయితే మరీ, మెరుపు కోసం పోగులు పైపైన పరిచి నేస్తారు కాబట్టి తొందరగా జారుతుంది. ఏటవాలుగా కోస్తే కొంచెం నయం. పోగులన్నీ ఒకే చోట తెగవు, తెగిన ప్రతి పోగునీ ఇంకా కొంత నేత పట్టుకునే ఉంటుంది. నయం అన్నాం గానీ, ఆగిపోతుందనలేదు. ఏటవాలు కోత ఒక్కటే చేసి వదిలేస్తే నాలుగు ఉతుకులకి అదీ విడుతుంది.

ఇక రిబ్బను కొనేటప్పుడే సగం పని అయిపోతుంది. మేము రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్‌కి వెళ్ళి రోల్స్ తెచ్చుకుంటాం. అక్కడ రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి రిబ్బనుగానే నేసింది, అంచు నేతలోనే వస్తుంది. రెండోది వెడల్పు గుడ్డ నేసి వేడి కత్తితో సన్నగా చీల్చింది. చూడ్డానికి రెండూ ఒకటే మెరుపు. చీల్చింది చవక. కానీ దానికి కొసతో పాటు రెండు పక్కల అంచులూ కోసినవే, వేడికి అతుక్కుని ఉన్నాయంతే. పది ఉతుకులయ్యాక ఆ అతుకు ఊడి పొడుగునా పోగులు లేస్తాయి. దానికి మనం ఏ మందూ వెయ్యలేం. కొట్లోనే వెలుతురుకి పట్టుకుని చూడండి. నేసిన అంచు కొంచెం ఒత్తుగా, సన్న దారం పెట్టినట్టు కనిపిస్తుంది. చీల్చిన అంచుని గోటితో రెండుసార్లు గట్టిగా గీరితే పోగు బయటికొస్తుంది. కొట్టువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

బహుమతుల పొట్లాలకి కట్టే రిబ్బన్లు కూడా ఆ పక్కనే వేలాడదీస్తారు, రంగులు బాగుంటాయని చెయ్యి అటు పోతుంది. అది ప్లాస్టిక్. ఇస్త్రీ పెట్టెకి అంటుకుంటుంది. గౌనుకి పనికిరాదు.

రోల్ ఇంటికి తెచ్చాక మేము చేసేది రెండు పరీక్షలు. తెల్ల గుడ్డ ముక్క తడిపి రిబ్బను మీద వేసి ఇస్త్రీ చేస్తాం. ఎరుపు, ముదురు నీలం, మెరూన్ ఇలాంటివి తెల్ల గుడ్డకి రంగు దిగితే ఆ రోల్ తెల్ల ఫ్రాకులకి వాడం. రెండోది, జానెడు ముక్క కోసి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపిస్తాం. ముడుచుకుని కరిగి గట్టి ఉండ అయితే పాలిస్టర్ గానీ నైలాన్ గానీ. కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద అయితే నూలు గానీ రేయాన్ గానీ. జుట్టు కాలిన వాసనొస్తే పట్టు. కొసని వేడితో అతికించడం కరిగే రకానికే కుదురుతుంది. నూలు రిబ్బనుని, పట్టు రిబ్బనుని మంట దగ్గర పెడితే కొస అతుక్కోదు, కాలిపోతుంది. పోగుల గౌను పోయి మాడిన గౌను వస్తుంది.

ఇప్పుడు అసలు పని.

మా ఆరుగురికీ ఒక మాట ఉంది. కొస కనిపించకుండా కుట్టులోకి పోవాలి. కాల్చడం, అతికించడం ఇవన్నీ కుట్టులోకి పంపడం కుదరని చోట మాత్రమే. కుట్టులో పడ్డ కొసకి గాలి తగలదు, చెయ్యి తగలదు, ఉతుకు తగలదు.

గౌను కింది అంచుకి రిబ్బను వెయ్యాలనుకోండి. చాలామంది గౌను మొత్తం పూర్తి చేసి, చివరికి చుట్టూ రిబ్బను తిప్పుతారు. అప్పుడు రెండు కొసలు ఒక దగ్గర కలవాలి, అక్కడ తంటా మొదలు. దానికి బదులు, ఒక పక్క కుట్టు వేసి రెండో పక్క వదిలెయ్యండి. గౌను బల్ల మీద పరుచుకుని ఉంటుంది. అప్పుడు రిబ్బను వెయ్యండి. రెండు చివర్లా కొస గుడ్డ అంచు దాకా రావాలి, లోపలికి కనీసం అర ఇంచు పోయేలా. తర్వాత ఆ రెండో పక్క కుట్టేటప్పుడు రిబ్బను గీత రిబ్బను గీతకి ఎదురుగా పెట్టి గుండుసూది గుచ్చి కుట్టండి. రిబ్బను దగ్గర వెనక్కి ముందుకి ఒకసారి కుట్టు తిప్పండి. ఆ మీద గుడ్డ, రిబ్బను కలిపి ఓవర్‌లాక్. ఓవర్‌లాక్ మిషన్ లేకపోతే జిగ్‌జాగ్, అదీ లేకపోతే చేత్తో కాజా కుట్టు. కుట్టేవాళ్ళకి ఇది తెలియని విద్య కాదు. వరస మార్చడమే. రిబ్బను వెయ్యడం పక్క కుట్టుకి ముందు రావాలి, అంతే.

చేతుల చివర, ఛాతీ దగ్గర, జేబు మీద వేసే రిబ్బనుకీ ఇదే పద్ధతి. మెడ దగ్గర మాత్రం ఇంకో జాగ్రత్త. మెడ చుట్టూ తిరిగిన రిబ్బను వెనక హుక్కుల పట్టీ దగ్గర ఆగుతుంది. ఆ కొస పట్టీ మడత లోపలికి వెళ్ళాలి. పైన వదిలి చేత్తో రెండు కుట్లు వేస్తే పిల్ల మెడ వెనక గీరుకుంటుంది. పిల్ల గౌను వేసుకోనని ఏడుస్తుంది. వాళ్ళమ్మకి ఎందుకో అర్థం కాదు. మళ్ళీ మన దగ్గర కొనదు.

ఆర్డరు వచ్చేసరికి గౌను కుట్టేసి ఉంది, రిబ్బను పైన వెయ్యమన్నారు. అలాంటప్పుడు చుట్టూ తిప్పక తప్పదు. పక్క కుట్టు మీదే మొదలుపెట్టండి, ముందు భాగంలో ఎప్పుడూ వద్దు. మొదట్లో ఇంచు వదిలి కుట్టడం మొదలుపెట్టి, చుట్టూ వచ్చాక రెండో కొసని అర ఇంచు లోపలికి మడిచి మొదటి కొస మీద కప్పి, అడ్డంగా కుట్టు వెయ్యాలి. రిబ్బను మందంగా ఉంటే అక్కడ గడ్డలా లేస్తుంది. అప్పుడు ముందే గౌను చుట్టుకొలత కొలుచుకుని రిబ్బను రెండు కొసలూ కలిపి గాజులాగా కుట్టేసి, లోపలి కుట్టు రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేసి, ఆ గాజుని గౌనుకి తొడగాలి. కొలత ఒక్క పావు ఇంచు తేడా వచ్చినా మళ్ళీ విప్పాలి కాబట్టి మాలో ఇద్దరు ఈ పద్ధతి అంటే మొహం చిట్లిస్తారు.

సూది గురించి ఒక మాట. శాటిన్ మీద 16 నంబరు సూదితో కుడితే బొక్కలు కనిపిస్తాయి, బొక్క దగ్గర పోగు తెగితే అక్కడ నుంచే విడుతుంది. 11 నంబరు వాడండి. రిబ్బనుకి రెండు అంచులూ కుట్టేటప్పుడు ఒకే వైపు నుంచి మొదలుపెట్టండి. ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి కుడితే రిబ్బను మెలి తిరుగుతుంది. నూలు గుడ్డ అయితే కొయ్యకముందే నీళ్ళలో నానబెట్టి ఆరేసుకోండి. గుడ్డ ముడుచుకుంటుంది, పాలిస్టర్ రిబ్బను ముడుచుకోదు, మొదటి ఉతుకుకే రిబ్బను బుడగలు బుడగలుగా లేస్తుంది.

వేలాడే కొసలకి వద్దాం. నడుము పట్టీ వెనక ముడి వేస్తారు, రెండు తోకలు కిందికి వేలాడతాయి. అక్కడ కుట్టులో దాచడానికి లేదు. కానీ వెడల్పు రిబ్బనుకి చాలా మంచి ఉపాయం ఉంది. కొస దగ్గర రిబ్బనుని పొడుగునా మధ్యకి మడవండి, మెరుపు వైపు లోపలికి ఉండాలి. కొస మీద అడ్డంగా పావు ఇంచు వదిలి కుట్టండి. మూల కొంచెం కోసి, తిరగెయ్యండి. కొస బాణం మొనలాగా వస్తుంది. కోసిన భాగం వెనక మూడు మూలల జేబులో దాక్కుంటుంది. వెనక వైపు రెండు చేతి కుట్లు వేస్తే ఇక కదలదు. మంట లేదు, జిగురు లేదు. కరిగే రిబ్బను, కరగని రిబ్బను, పట్టు, నూలు దేనికైనా ఇది పనికొస్తుంది. నేర్పడానికి పది నిమిషాలు చాలు. మా సంఘంలో మిషన్ తొక్కడానికి మోకాళ్ళు సహకరించని పెద్దమ్మ ఒకావిడ ఉన్నారు. ఆవిడ ఇది చేస్తే ముందు వైపు ఏదో వెనక వైపు ఏదో మనకే తెలియదు.

ఆర్గంజా లాంటి పల్చటి వెడల్పు రిబ్బను అయితే కొసకి చీర కొంగుకి చేసినట్టు పికో చేయించేస్తాం. సన్న రిబ్బన్లు, అంటే పావు ఇంచు, అర ఇంచు ఉండేవి, వాటిని మడవడం కష్టం. అక్కడే వేడి కావాలి.

మంట గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాం, వినండి. ఇంట్లో అగ్గిపెట్టె మాయమైతే మా ఇళ్ళల్లో మగవాళ్ళ మీద కాకుండా మా మీద అనుమానం, అంత వాడతాం మరి. కొవ్వొత్తి వెలిగించి, కొసని మంట మీద పెట్టకూడదు. పసుపు మొనలో మసి ఉంటుంది, తెల్ల రిబ్బను నల్లబడుతుంది. మంట అడుగున నీలంగా ఉండే చోటు ఉంటుంది చూడండి, దాని పక్కగా, తగలకుండా, కొస తీసుకెళ్ళాలి. పోగులు వెనక్కి ముడుచుకుని ఒక గీతలాగా అతుక్కోగానే తీసెయ్యాలి. ఎక్కువసేపు ఉంచితే గట్టి ఉండ కడుతుంది. ముందు రోల్ నుంచి కోసిన ముక్క మీద రెండు మూడుసార్లు చూసుకుని తర్వాతే అసలు దాని మీద చెయ్యండి. గౌనుకి కుట్టాక కాల్చవద్దు. కుట్టకముందే కాల్చాలి. నెట్ గుడ్డ, నైలాన్ గుడ్డ గౌను పక్కన కొవ్వొత్తి పెట్టుకోవడమే ప్రమాదం.

పనిలో కూర్చునేవాళ్ళు కొంగు దోపుకోవాలి, జడ ముడేసుకోవాలి, ఆ రోజుకి నూలు చీరే కట్టుకోవాలి. ఫ్యాను ఆపాలి. పక్కన గిన్నెలో నీళ్ళు. చంటిపిల్లలు ఆ గదిలో ఉండకూడదు. కరిగిన రిబ్బను చుక్క వేలి మీద పడితే అతుక్కుని లోపలికి కాలుతుంది. వెంటనే లాగకండి. చల్లటి నీళ్ళ ధార కింద ఇరవై నిమిషాలు పెట్టండి. పేస్టు, సిరా, పసుపు పూయకండి. పెద్ద గాయమైతే పీహెచ్‌సీకి వెళ్ళండి.

ఇప్పుడు మేము కొవ్వొత్తి చాలావరకు మానేశాం. రేడియో, టీవీ రిపేరు చేసేవాళ్ళ దగ్గర ఉండే సోల్డరింగ్ కడ్డీ ఒకటి కొన్నాం, చిన్నది. నేల మీద వేసే టైలు ముక్క మీద రిబ్బను పరిచి, ఇనప స్కేలు అడ్డం పెట్టి, వేడెక్కిన కడ్డీతో ఒక్క గీత గీస్తే రిబ్బను తెగుతుంది, తెగుతూనే అతుక్కుంటుంది. మసి లేదు. యాభై ముక్కలు ఒకే కొలతకి వస్తాయి. ప్లాస్టిక్ స్కేలు పెట్టకండి, అదీ కరుగుతుంది. కిటికీ తీసి పెట్టుకోండి, వాసన తలనొప్పి తెస్తుంది. అయినా ఆపుతున్నది కరిగే రిబ్బనునే, నూలు రిబ్బనుకి కాజా కుట్టు తప్పదు.

వేడితో అతికించిన ప్రతి కొసనీ మణికట్టు లోపలి వైపు రాసి చూసుకోవాలి. మన చేతి వేళ్ళు పనికి మొద్దుబారి ఉంటాయి, వాటికి తెలియదు. మణికట్టు దగ్గర గీరినట్టుంటే పిల్ల ఒంటికి గుచ్చుకుంటుంది. అందుకే మేము ఒంటికి తగిలే చోట వేడి కొస పెట్టం. పైకి వేలాడే బో తోకలకి మాత్రమే.

గోళ్ళ రంగు, తెల్లది, కొసకి పూస్తే ఆగుతుందని కొందరు చెబుతారు. నిజమే, ఆగుతుంది. కానీ గట్టిపడుతుంది, కొన్నాళ్ళకి పెచ్చులు లేస్తుంది, చంటిపిల్లలు బట్ట నోట్లో పెట్టుకుంటారు. పిల్లల బట్టలకి మేము వాడం. మీరు కూడా వద్దు. జిగురు సంగతీ అంతే.

బారసాల జుబ్బాల విషయంలో మా సంఘం తీర్మానం రాసుకుంది. ఏడాదిలోపు పిల్లల బట్టలకి వేలాడే రిబ్బను పెట్టం. బో కావాలంటే చదునుగా, నాలుగు పక్కలా కుట్టేసి ఇస్తాం. మెడ దగ్గర కట్టే తాళ్ళు అసలు పెట్టం. చేతి తొడుగులు, సాక్సులు కుట్టినప్పుడు లోపలి వైపు తిరగేసి ఒక్కో దారం కత్తిరిస్తాం. లేచిన పోగు ఒకటి పసిపిల్ల వేలికి చుట్టుకుంటే, పిల్ల చెయ్యి కదిపే కొద్దీ బిగుసుకుంటుంది. వేలికి రక్తం ఆగిపోతుంది. తొడుగు లోపల ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు, పిల్ల ఏడుస్తుంది, కడుపునొప్పేమో అనుకుంటారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ ఇళ్ళల్లో చంటిపిల్లలు ఊరికే ఏడుస్తుంటే ఒకసారి కాలి వేళ్ళు, చేతి వేళ్ళు విప్పి చూడండి. రిబ్బను పోగుకి, తల వెంట్రుకకి ఆ విషయంలో తేడా లేదు.

ఇక కూలి.

టౌన్లో ఒక కొట్టు, పేరు చెప్పం. పుట్టినరోజు గౌన్లు 80 కుట్టమని గుడ్డ, రిబ్బను వాళ్ళే ఇచ్చారు. రిబ్బను చూడగానే మావాళ్ళు చెప్పారు, ఇది చీల్చిన రకం, అంచులు ఆగవు అని. ఏం పర్లేదు కుట్టండి అన్నారు. కుట్టి ఇచ్చాం. రెండు నెలలకి కొన్ని గౌన్లు వెనక్కి వచ్చాయని, పోగులు లేచాయని మా కూలిలోంచి కోత పెట్టారు. కొసలు చూడండి, మేము దాచిన కొసలు ఒక్కటీ విడలేదు, విడింది మీ రిబ్బను పక్క అంచు అని గౌను తిరగేసి చూపించాం. కోత సగానికి తగ్గించారు, మొత్తం ఇవ్వలేదు. ఆ నెల వాయిదాకి ఇద్దరు ఇంట్లోంచి తెచ్చి కట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి రిబ్బను మేమే కొంటాం, లేదా రకం ఏమిటో కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టిస్తాం. కాగితం అడిగితే మొదట్లో నవ్వారు. ఇప్పుడు పెడుతున్నారు.

అప్పుడే గడియారం పెట్టుకుని కూర్చున్నాం. నడుము పట్టీ, ఒక బో ఉన్న గౌనుకి కొసల పని ఒక్కటే దాదాపు పావుగంట పడుతోంది. గంటకి నాలుగు గౌన్లు. ఈ పావుగంటకి ఎవరూ డబ్బు ఇవ్వడం లేదు. గౌనుకి ఇంత అని కుట్టుకూలి ఇస్తారు, అందులో కొసలు కూడా కలిసిపోయాయనుకుంటారు. దాంతో ఏమవుతుందంటే, మిషన్ మీద కూర్చున్నవాళ్ళు తొందరగా ఎక్కువ గౌన్లు తియ్యాలని చూస్తారు, కొసలు ఇంట్లో అత్తగారికో, బడి నుంచి వచ్చిన ఆడపిల్లకో పడేస్తారు. ఆ పని ఎవరి లెక్కలోనూ రాదు.

మాలో ఒకామె పుట్టిల్లు నరసాపురం వైపు. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో లేసు అల్లే ఆడవాళ్ళని మీరు చూసే ఉంటారు. ఆ లేసు దేశదేశాలకి పోతుంది. అల్లినవాళ్ళని అడిగితే, ఖాళీగా కూర్చునే బదులు అల్లుకుంటామండీ అంటారు. రోజంతా అల్లుతూనే ఉంటారు, అయినా ఖాళీ టైము పని అంటారు. ఏజెంటుకి ఆ మాట చాలు, రేటు తక్కువ కట్టడానికి. మన కొసల పని కూడా ఆ దారినే పోతోందని ఆమే మీటింగులో అంది.

సంఘంలో దీని మీద పెద్ద గొడవే అయింది. కొసలకి విడిగా కూలి పెడితే మిషన్ వాళ్ళ వాటా తగ్గుతుందని ఇద్దరు అన్నారు. వాళ్ళన్నదానిలో అబద్ధం లేదు. కొట్టువాళ్ళ దగ్గర అదనంగా రాబట్టకుండా మనలో మనం పంచుకుంటే ఒకరి జేబులోంచి తీసి ఇంకొకరికి పెట్టడమే. అందుకని ముందు బయట అడగాలని తీర్మానం రాశాం. రెండు గౌన్లు తీసుకున్నాం. ఒకటి బజారులో కొన్నది, ఒకటి మేము కుట్టింది. రెండింటినీ పదిసార్లు ఉతికి, అలాగే పట్టుకెళ్ళి ముగ్గురు కొట్టువాళ్ళ బల్ల మీద పెట్టాం. గౌనుకి 10 రూపాయలు అదనంగా అడిగాం. ఒకాయన చూడనైనా చూడలేదు. ఒకాయన పండగల తర్వాత రమ్మన్నారు, పండగలు ఇంకా అవలేదు. మూడో ఆయన రెండు గౌన్ల కొసలూ లాగి చూసి 7 రూపాయలకి ఒప్పుకున్నారు. అందులో 6 కొసలు చేసినవాళ్ళకి, 1 రూపాయి సూదులు, కడ్డీ, కరెంటు ఖర్చుకి. పుస్తకంలో విడి గడిలో రాస్తున్నాం. గంటకి 24 రూపాయలంటే ఉపాధి హామీ కూలి కన్నా తక్కువే. అది మాకు తెలుసు. కానీ ఇంతకుముందు ఆ గడే లేదు.

మోకాళ్ళ నొప్పుల పెద్దమ్మ సంగతి చెప్పాం కదా. మొన్న ఆవిడ పేరు మీద కొసల కూలి విడిగా ఎంతో చదివి వినిపించి డబ్బు చేతికిస్తే, మా అబ్బాయికి ఇవ్వండి అన్నారు. మేము ఇవ్వలేదు. ఆవిడ చేతిలోనే పెట్టి సంతకం పెట్టించాం.

సమాఖ్యకి మా వైపు నుంచి రెండు వినతులు. ఒకటి, కుట్టుపని చేసే సంఘాలన్నీ కొసల పనికి ఒకే రేటు అడగాలి. మేము 7 అడిగి, పక్క ఊరి సంఘం ఊరికే చేసి ఇస్తే ఆ కొట్టాయన అటే వెళ్తారు, మేమైనా అదే చేస్తాం ఆయన స్థానంలో. రెండు, ఈసారి సూక్ష్మ రుణ ప్రణాళికలు రాసేటప్పుడు మిషన్ ఒక్కటే రాసి ఊరుకోకుండా, నాలుగైదు సంఘాలకి కలిపి ఒక ఓవర్‌లాక్ మిషన్ రాయండి. ఒక్క సంఘానికి అది రోజంతా పని ఇవ్వదు. గ్రామ సమాఖ్య గదిలో పెట్టుకుంటే అందరికీ పనికొస్తుంది.

వెనక బల్ల మీద నమూనా గుడ్డలు పెట్టాం. కుట్టులో దాచిన కొస, బాణం మొన, పికో, కాజా కుట్టు, కడ్డీతో కోసింది, మంటతో కాల్చింది, ఏమీ చెయ్యకుండా వదిలేసింది. అన్నీ పదిసార్లు ఉతికినవే. భోజనాల తర్వాత వచ్చి లాగి చూడండి, తెగినా పర్లేదు. రిబ్బను ముక్కలు, సూదులు కూడా తెచ్చాం, బాణం మొన నేర్చుకోవాలనుకున్నవాళ్ళకి పెద్దమ్మగారు అక్కడే కూర్చుని ఉంటారు.